పరుగు లేని ఫుట్‌బాల్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు విద్యార్థుల స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా ఖర్చుల గురించి, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి చెప్పారు. అన్నీ అవసరమైన విషయాలే. వాటి తరువాత మేము లేచి ఫుట్‌బాల్ గురించి మాట్లాడబోతున్నామంటే కొందరికి నవ్వు రావచ్చు. "మాస్టర్ సాబ్‌కు ఆటల పిచ్చి ఇంకా వదల్లేదు" అని వెనక వరుసలో ఎవరో అననే అన్నారు. మాకు వినపడింది. పరవాలేదు. ఒక్క ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. మేము చెప్పబోయేది ఆడుకుంటున్న పిల్లల గురించి కాదు, ఆట మానేసి గోడ పక్కన కూర్చున్న పెద్దల గురించి. అంటే రేపో మాపో మనందరి గురించి.

ముందుగా జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాము.

కిందటి సంవత్సరం చలికాలంలో మా బడి పాత విద్యార్థులమంతా ఒకచోట కలిశాము. మధ్యాహ్నం భోజనాలు, అంతకు ముందు పొద్దున్నే ఫుట్‌బాల్ అని ఏర్పాటు. మాలో అందరికీ నలభై దాటింది, కొందరికి యాభై కూడా దాటింది. కాని బంతి కనబడేసరికి ఎవరికీ వయసు గుర్తు లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ మాదిరి పరుగెత్తాము. పది నిమిషాలు గడిచాయో లేదో ఒకరికి పిక్క పట్టేసి కూలబడ్డారు. ఇంకొకరు ఆయాసంతో వేపచెట్టు కింద పడుకున్నారు. మేము బంతి కోసం గబుక్కున వెనక్కు తిరగబోయి మోకాలు మెలిపెట్టుకున్నాము. ఆరు వారాలు కుంటుకుంటూ బడికి వెళ్ళవలసి వచ్చింది. మా ఇంటివారు "అజీ, ఈ వయసులో ఈ కుర్రచేష్టలెందుకు?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాము.

మోకాలి నొప్పి తగ్గింది. ఆ రోజే జరిగిన ఇంకొక విషయం మాత్రం మనసులో నుంచి పోలేదు. మా మొహల్లాలో ఒక చాచా ఉన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు మా వైపు టోర్నమెంట్లలో పేరు మోసిన గోలీ. చిన్నప్పుడు ఆయన ఆట చూడటానికి మేము గోలు వెనుక చేరి కూర్చునేవాళ్ళం. ఆయన్ను ఆ రోజు గౌరవంగా పిలిచి, కుర్చీ వేసి, పూలదండ వేసి, ముఖ్య అతిథిగా కూర్చోబెట్టాము. చాలా మర్యాద చేశామని మా అభిప్రాయం. ఆట ముగిసి వెళ్ళేటప్పుడు ఆయన దండ మా చేతిలో పెట్టి, "దండ ఎందుకు బేటా, ఒక్క బంతి నా వైపు వదిలి ఉంటే చాలు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పెద్దవాళ్ళను మనం కుర్చీలో కూర్చోబెడుతున్నాం, దండలు వేస్తున్నాం. ఆటలోకి మాత్రం రానివ్వటం లేదు. మేము పరుగెత్తి పడిపోతిమి, ఆయన కూర్చుని ఉండిపోయిరి. మధ్యలో మూడో దారి లేదా అని ఆలోచించాము.

ఆ మూడో దారి ఉన్నదని తరువాత తెలిసింది. దాని పేరు వాకింగ్ ఫుట్‌బాల్, అంటే నడుస్తూ ఆడే ఫుట్‌బాల్.

ఇంగ్లండులో డెర్బీషైర్ జిల్లాలో చెస్టర్‌ఫీల్డ్ అనే ఊరున్నది. ఆ ఊరి పెద్ద చర్చి శిఖరం మెలితిరిగి వంకరగా ఉంటుంది, ఊరికి అదే గుర్తు. చుట్టుపక్కల ఒకప్పుడు బొగ్గు గనులుండేవి. కష్టపడి పని చేసిన జనం, ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే జనం. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు అనుబంధంగా ప్రజలకోసం పనిచేసే ఒక ట్రస్టు ఉన్నది. 2011లో ఆ ట్రస్టు వారు జాన్ క్రూట్ అనే ఆయన ఆధ్వర్యంలో ఈ ఆటను మొదలుపెట్టారు. వయసు పైబడినవారు ఇంట్లోనే ఉండిపోతున్నారు, ఒంటరిగా ఉంటున్నారు, వారిని మళ్ళీ మైదానానికి ఎలా రప్పించాలి అనేది వారి సమస్య. వ్యాయామం చేయండి అంటే ఎవరూ రారు. ఫుట్‌బాల్ ఆడదాం రండి అంటే వస్తారు. కాని పరుగెత్తలేరు. అయితే ఆటలో నుంచి పరుగునే తీసేస్తే పోదా అనుకున్నారు. అంతే, అదే ఆట అయింది.

మొదట్లో అక్కడ కూడా కొందరు నవ్వారు. 2014లో ఒక బ్యాంకు వారు తమ టెలివిజన్ ప్రకటనలో ఈ ఆటను చూపించేసరికి దేశమంతా తెలిసిపోయింది. ఇప్పుడు ఇంగ్లండులో వందలాది క్లబ్బులు ఈ ఆట ఆడుతున్నాయి. అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ దీనికోసం ప్రత్యేకంగా నిబంధనలు వ్రాసింది. వాకింగ్ ఫుట్‌బాల్‌కే వేరే సంఘం కూడా ఉన్నది. నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాలకు కూడా పాకింది. అక్కడి పోటీలలో సాధారణంగా మగవారికి యాభై, ఆడవారికి నలభై సంవత్సరాలు దాటి ఉండాలన్నది లెక్క.

ఇక ఎలా ఆడతారో చెబుతాము. పిల్లలు కూడా వినండి, రేపు మీ నానాకు మీరే నేర్పవలసి వస్తుంది.

మొదటి నిబంధన, అన్నిటికీ మూలమైనది: పరుగెత్తరాదు. జాగింగ్ కూడా పనికిరాదు. మరి నడక ఎక్కడ ముగుస్తుంది, పరుగు ఎక్కడ మొదలవుతుంది? దానికి కొలత ఏమిటంటే, రెండు పాదాల్లో ఏదో ఒకటి ఎప్పుడూ నేలను తాకి ఉండాలి. రెండు పాదాలూ ఒకేసారి గాలిలోకి లేచాయా, అది పరుగే. ఒలింపిక్స్‌లో నడక పందెం చూసినవారికి ఇది తెలిసే ఉంటుంది. అయితే నడక పందెంలో ముందుకు వేసిన కాలి మోకాలు వంగకూడదని ఇంకొక షరతున్నది. ఇక్కడ ఆ షరతు లేదు. మామూలుగా బజారుకు వెళ్ళినట్లు నడవవచ్చు, ఆలస్యమైతే బస్సు కోసం నడిచినట్లు వడిగా కూడా నడవవచ్చు. ఇంకొక ముఖ్యమైన సంగతి. బంతి దగ్గర ఉన్నవాడే కాదు, దూరంగా ఉన్నవాడు కూడా పరుగెత్తరాదు. "నా దగ్గర బంతి లేదు కదా" అంటే కుదరదు.

పరుగెత్తితే ఏమవుతుంది? రిఫరీ ఈల వేసి ఎదుటి పక్షానికి ఫ్రీ కిక్ ఇస్తాడు. అది నేరుగా గోలులోకి కొట్టే కిక్ కాదు, ఇంకొకరు తాకిన తరువాతే గోలు చెల్లుతుంది. ఒకే ఆటగాడు మళ్ళీ మళ్ళీ పరుగెత్తుతూ ఉంటే నీలం కార్డు చూపి కొద్ది నిమిషాలు బయట నిలబెట్టే పద్ధతి కూడా ఉన్నది. బడిలో అల్లరి చేసినవాణ్ణి తరగతి బయట నిలబెట్టినట్లే అనుకోండి.

రెండవది, బంతి పైకి లేవకూడదు. కొన్నిచోట్ల తల ఎత్తు అంటారు, కొన్నిచోట్ల గోలు అడ్డకర్ర ఎత్తు అంటారు. ఏదైనా సరే బంతిని నేలమీదే నడపాలన్నది ఉద్దేశం. తలతో కొట్టడం లేదు. బంతి పైకి లేస్తే మనిషి దానికోసం ఎగురుతాడు. ఎగిరినవాడు కింద పడతాడు. అరవై ఏళ్ళ తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఇక్కడ చాలా ఇళ్ళవారికి తెలుసు.

మూడవది, ఒకరి మీద ఒకరు పడరాదు. జారుతూ వచ్చి కాళ్ళలో నుంచి బంతి లాక్కోవడం, వెనుక నుంచి మీద పడటం, భుజంతో నెట్టడం, మూల గోడకు అదిమిపట్టడం, ఇవన్నీ తప్పులే. బంతిని మర్యాదగా తీసుకోవాలి. ఫ్రీ కిక్ వేసేటప్పుడు ఎదుటివారు మూడు మీటర్ల దూరంలో నిలబడాలి.

నాలుగవది, గోలు ముందు గీత గీసిన చోటు గోలీది. చాలాచోట్ల మిగతా ఆటగాళ్ళెవరూ అందులోకి రాకూడదు, గోలీ కూడా అందులో నుంచి బయటకు రాకూడదు. బంతిని చేత్తో వదలవలసినప్పుడు భుజం మీదుగా విసరడు, కింద నుంచి దొర్లిస్తాడు.

ఐదవది, చిన్నా చితకా నియమాలు. పక్షానికి ఐదుగురు, ఆరుగురు లేదా ఏడుగురు. మైదానం చిన్నది. ఆఫ్‌సైడ్ లేదు. బంతి పక్కగీత దాటితే చేత్తో విసరరు, నేలమీద పెట్టి కాలితో కొడతారు. అలసిపోయినవారు ఎప్పుడైనా బయటకు రావచ్చు, ఇంకొకరు లోపలికి వెళ్ళవచ్చు, మళ్ళీ తిరిగి రావచ్చు. కొన్ని క్లబ్బులలో ఒక మనిషి మూడుసార్లకు మించి బంతిని తాకకుండా ఇంకొకరికి ఇచ్చేయాలన్న కట్టుబాటు కూడా పెట్టుకున్నారు.

ఇంతే. పుస్తకం అక్కరలేదు, పెద్ద సరంజామా అక్కరలేదు.

ఇప్పుడు మీరడగవచ్చు, పరుగు లేకపోతే ఆట చప్పగా ఉండదా, పెళ్ళి ఊరేగింపులా ఉండదా అని. మేమూ అలాగే అనుకున్నాము. ఆడి చూస్తే తెలిసింది, పరుగు తీసేస్తే ఆట పోదు. పరుగు వెనుక దాక్కున్న ఆట బయటపడుతుంది. పరుగెత్తగలవాడు తప్పు చోట నిలబడినా పరుగెత్తి సర్దుకోగలడు. నడిచేవాడికి ఆ వీలు లేదు. బంతి ఎక్కడికి రాబోతున్నదో ముందే ఆలోచించి అక్కడికి చేరి ఉండాలి. బంతి వచ్చాక ఎవరికివ్వాలో రాకముందే చూసుకొని ఉండాలి. ఒక్కడే బంతిని పట్టుకొని గొప్ప చూపించటం ఇందులో కుదరదు. పక్కవాడికి ఇచ్చి, ఖాళీ చోటికి నడిచి, తిరిగి తీసుకోవాలి.

ఇక్కడ మాకు రహీం సాబ్ గుర్తుకు వస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు పిల్లలు 2024లో వచ్చిన మైదాన్ సినిమాలో విని ఉంటారు. పెద్దలకు సినిమా అక్కరలేదు. ఆయన హైదరాబాదులో బడిపంతులు. మావంటి మాస్టర్లకు అది ఎంత గర్వమో చెప్పలేము. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి మళ్ళీ బంగారం తెచ్చింది. అప్పటికే ఆయన జబ్బు మనిషి. మరుసటి సంవత్సరం, 1963లో, క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది.

అలాంటి రహీం సాబ్ ఏం చేసేవారంటే, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టేవారు. ఎవరూ బంతిని కాళ్ళలో ఆడించుకుంటూ పోరాదు, వచ్చింది వచ్చినట్టు ఇంకొకరికి ఇవ్వాలి. ఆటలో నుంచి ఒకదాన్ని తీసేసి, మిగిలినదాన్ని నేర్పించారు. వాకింగ్ ఫుట్‌బాల్‌కు ఆయనతో సంబంధం లేదు. అది ఆయన పోయిన దాదాపు యాభై ఏళ్ళకు వేరే దేశంలో పుట్టింది. అయినా ఆ దేశంవారు పరుగు తీసేశారని వినగానే మాకు డ్రిబ్లింగ్ తీసేసిన మన పంతులుగారే కళ్ళముందు మెదిలారు.

ఇంకొక మాట. ఈ ఆటలో నిబంధన ఎవరిని ఆపుతున్నదో ఆలోచించండి. పరుగెత్తలేనివాణ్ణి కాదు, వాడు ఎలాగూ పరుగెత్తడు. పరుగెత్తగలవాణ్ణి ఆపుతున్నది. నీకు శక్తి ఉన్నది, సంతోషం, కాని నీతోపాటు ఆడుతున్న ఆ పెద్దమనిషి కోసం ఆ శక్తిని కాస్త అదుపులో పెట్టుకో అంటున్నది. ఇది మనకు కొత్త సంగతా? మన మసీదులో జమాఅత్‌లో ముసలివారు, జబ్బువారు ఉంటారు కనుక ఇమాం నమాజును తేలికగా నడిపించాలని మన ప్రవక్త (స) నేర్పారు. నమాజు మొదలైపోయిందని పరుగెత్తుకుంటూ రావద్దు, నెమ్మదిగా నడిచి వచ్చి దొరికినంతలో చేరండి అని కూడా నేర్పారు. ఆటను ఇబాదత్‌తో పోలుస్తున్నామని ఎవరూ తప్పు పట్టకండి. వెనుక ఉన్నవాణ్ణి చూసుకుంటూ ముందుకు నడవటం మనకు అలవాటైన మర్యాదే అని మాత్రం మనవి చేస్తున్నాము.

సరే, మేము చేసిన ప్రయత్నం సంగతి చెబుతాము.

బడి వెనుక 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల హ్యాండ్‌బాల్ కోర్టు ఉన్నది. ఒక ఆదివారం ఫజర్ నమాజు తరువాత పన్నెండుమంది చేరాము. వారిలో టైలర్ ఒకరు, రిటైరైన బస్సు కండక్టరు ఒకరు, కిరాణా కొట్టాయన ఒకరు, మేము మాస్టర్లం నలుగురం. గోలులో చాచా. బంతి ఎక్కువగా ఎగరకుండా కాస్త గాలి తీశాము. పది నిమిషాలు ఒక భాగం, మధ్యలో విరామం, మళ్ళీ పది నిమిషాలు. రిఫరీగా మా తొమ్మిదో తరగతి విద్యార్థిని పెట్టి, "కాళ్ళు మాత్రమే చూడు, మొహాలు చూడకు" అని చెప్పాము.

ఆ ఇరవై నిమిషాల్లో ముప్పైసార్లకు తక్కువ కాకుండా ఈల మోగి ఉంటుంది. ఎవరికీ నడక రాలేదు! బంతి కాస్త ముందుకు దొర్లగానే కాళ్ళు వాటంతట అవే పరుగందుకుంటాయి. అందరికంటె ఎక్కువసార్లు పట్టుబడినది మేమే. మూడోసారి పట్టుబడగానే ఆ పిల్లవాడు భయం భయంగా దగ్గరకు వచ్చి, "సర్, మాఫ్ కర్నా, మీరు రెండు నిమిషాలు బయట నిలబడాలి" అన్నాడు. ఇన్నేళ్ళుగా పిల్లలను బయట నిలబెట్టిన మేము ఆ రోజు గీత అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాము. అందరూ పకపక నవ్వారు. చాచా అయితే గోలుకర్ర పట్టుకుని మరీ నవ్వారు.

మూడో ఆదివారానికి ఈలలు తగ్గాయి. నాలుగో ఆదివారం వరుసగా ఏడెనిమిది పాసులు పడ్డాయి. చాచా కుడివైపుకు వంగి కండక్టరు కొట్టిన బంతిని కాలితో ఆపిన తీరు చూస్తే గోలు వెనుక కూర్చున్న చిన్ననాటి రోజులు గుర్తుకు వచ్చాయి. ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర గంటసేపు కబుర్లు. కిరాణా కొట్టాయన, "మాస్టర్ సాబ్, నా భార్య పోయిన తరువాత ఆదివారం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం ఇదే మొదలు" అన్నారు. మేమేమీ అనలేకపోయాము.

ఐదో ఆదివారం చాచా రాలేదు.

ఇంటికి వెళ్ళి చూస్తే మంచం మీద ఉన్నారు. కుడి పాదం కింద పుండు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగర్ ఉన్నది. ఆట కోసం ఎవరివో పాత క్యాన్వాస్ బూట్లు అడిగి తెచ్చుకున్నారు. అవి బిగుతు. షుగర్ ఉన్నవారికి కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, బూటు కొరికినా తెలియదు. మనకైతే మంట పుట్టి విప్పేస్తాము, ఆయనకు మంటే తెలియలేదు. పుండు కనిపించాక కూడా, చెబితే ఆట మాన్పిస్తామని మాకు చెప్పలేదు. డాక్టరు గారు కోప్పడి, సమయానికి వచ్చారు కనుక సరిపోయింది, లేకపోతే వేలు పోయేది అన్నారు. రెండు నెలలు కాలు కింద పెట్టనీయలేదు. చాచా కొడుకు మమ్మల్ని ఒక్కమాట కూడా అనలేదు. అనకపోవటమే మాకు ఎక్కువ కష్టమనిపించింది. ఎవరు పరుగెత్తుతున్నారో చూడటానికి రిఫరీని పెట్టుకున్నాము గాని, ఎవరు ఏ బూట్లు వేసుకొచ్చారో చూడలేదు. తప్పు మాది.

కనుక జాగ్రత్తలు కూడా ఇక్కడే చెబుతాము. ఇది నడకే గదా అని తేలికగా తీసుకోవద్దు. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగవలెను. ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగటం, విపరీతమైన ఆయాసం ఏది వచ్చినా ఆట ఆపి వెంటనే చెప్పాలి, సిగ్గుపడరాదు, ఆసుపత్రికి పోవటానికి ఆలస్యం చేయరాదు. షుగర్ మందులు వాడేవారు జేబులో చక్కెర బిళ్ళలో, పిప్పరమెంట్లో పెట్టుకోవాలి. సరిపోయే బూట్లు, శుభ్రమైన మేజోళ్ళు తప్పనిసరి. ఆట అయ్యాక ఇంటికి పోయి పాదాలు అడుగుభాగంతో సహా చూసుకోవాలి. కంటిచూపు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి. రంజాన్ మాసంలో ఉపవాసంతో ఈ ఆట వద్దు.

జాగ్రత్తలు విని భయపడి ఇంట్లోనే కూర్చుంటామనకండి. కూర్చోవటంలో ఉన్న ప్రమాదం దీనికంటె పెద్దది. ఐ.సి.ఎం.ఆర్. వారి దేశవ్యాప్త పరిశీలన 2023లో వెలువడింది. మన దేశంలో షుగర్ జబ్బువారు 10 కోట్లకు పైగా ఉన్నారని అందులో తేలింది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, 65 దాటినవారు పడిపోకుండా ఉండటానికి, నిలకడ కోసం వారానికి మూడు రోజులైనా తగిన కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ ఆటలో నడక ఉన్నది, ఆగటం, తిరగటం, ఒంటికాలి మీద నిలిచి బంతిని తన్నటం ఉన్నది. ఒంటరిగా రోడ్డు మీద నడవమంటే నాలుగు రోజుల్లో మానేసేవారు నలుగురితో కలిసి బంతి వెంట అయితే నడుస్తారు.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. "మగవారికి సరే, మా సంగతేమిటి?" అని మా ఆపా నిన్ననే నిలదీశారు. న్యాయమే. ఇంగ్లండులో ఆడవారి జట్లు వేరుగా ఉన్నాయి, నిబంధనలు అవే. వంటింట్లో రోజంతా నిలబడటం వ్యాయామం కాదు, అలసట మాత్రమే. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచారని హదీసు గ్రంథాల్లో ఉన్నది. మరి మన అమ్మలు, ఖాలాలు నాలుగు గోడల మధ్య బాలికల బడి ఆవరణలో, తమలో తాము నడుస్తూ ఆడుకుంటే ఎవరికి అభ్యంతరం? సమయం, స్థలం వేరుగా ఏర్పాటు చేస్తే చాలు. రిఫరీలుగా మా బడి ఆడపిల్లలు సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు మగపిల్లలకంటె గట్టిగా ఈల వేస్తారు కూడా.

చివరగా సంఘం ముందు మూడు విన్నపాలు పెడుతున్నాము. ఒకటి, ప్రతి ఆదివారం ఫజర్ తరువాత బడి కోర్టు వాడుకోవటానికి యాజమాన్యానికి సంఘం తరఫున ఉత్తరం వ్రాయించాలి. అదే విధంగా బాలికల బడి వారికి వేరుగా వ్రాయించాలి. రెండు, సంక్షేమ నిధి నుంచి ఒక బీపీ మిషను, ఒక షుగర్ చూసే మిషను కొనాలి. మన సభ్యుల్లో ఉన్న డాక్టర్లు, నర్సులు నెలకొక ఆదివారం వంతులవారీగా వచ్చి చూడాలి. మూడు, కొనుక్కోలేని పెద్దవారికి కాలికి సరిపోయే మెత్తని బూట్లు, ముందుగా పది జతలు ఇప్పించాలి. ఇది ఆట ఖర్చు అనుకోకండి, వైద్య ఖర్చు అనుకోండి. ఒక్క వేలు పోకుండా ఆగినా ఈ పది జతల డబ్బు తిరిగి వచ్చినట్టే. ఇందులో మొదటి జత డబ్బు మేము ఇప్పుడే కోశాధికారి గారి చేతికి ఇస్తున్నాము.

కుర్రవాళ్ళకు కూడా ఒక పని ఉన్నది. నెలకొకసారి మీ నాన్నలతో, చాచాలతో వచ్చి ఆడండి. నడుస్తూనే ఆడాలి సుమా! ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. మీకు తెలిసిన పరుగు పక్కన పెట్టి, వారికి తెలిసిన ఆట నేర్చుకోండి.

చాచా పుండు మానింది. అల్‌హందులిల్లాహ్. డాక్టరు గారు కొత్త బూట్లతో నెమ్మదిగా నడవవచ్చని అనుమతి ఇచ్చారు. ఈ రోజు ఆయన సభకు వచ్చారు, మొదటి వరుసలోనే ఉన్నారు. కార్యదర్శి గారు ఆయనకు వేయించటానికి దండ తెప్పించారని విన్నాము. వేయండి, పెద్దవారికి మర్యాద చేయవలసిందే. కాని వచ్చే ఆదివారం పొద్దున ఎవరైనా ఒకరు ఆ మైదానానికి వచ్చి, ఆయన వైపు ఒక్క బంతి వదలండి.

 మాటలో తప్పులుంటే మన్నించండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసి నడిచే మనసు ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.